పీలికలు విప్పింది మేమే

మా డివిజన్ జీవవైవిధ్య కమిటీలో నన్ను చేర్చుకున్నది చెట్ల గురించి తెలిసినవాడినని కాదు, నా చేతిరాత కోసం. దినపత్రికలో చాలా ఏళ్లు పనిచేసి, చిక్కడపల్లిలో ఇంటిపట్టున ఉంటున్న రోజులవి. మా వీధి చివర ఒక మేడం ఉంటారు. ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఒక సాయంత్రం కూరగాయల సంచితో మా గేటు దగ్గర ఆగి, "మీరు పేపర్లో చేశారు కదా, మా కమిటీకి మినిట్స్ రాసే మనిషి కావాలి" అన్నారు. కాదనడానికి నా దగ్గర కారణమేమీ లేకపోయింది.

ఇలాంటి కమిటీలు ఉండాలని చట్టం చెబుతుందని నాకు తెలుసు. ఒక ప్రాంతంలో ఏ చెట్టు ఉంది, ఏ పిట్ట ఉంది, ఏ మొక్క దేనికి పనికొస్తుంది అన్నది అక్కడి జనాన్ని అడిగి ఒక రిజిస్టర్లో రాయాలి. డెస్కులో ఉన్నప్పుడు అలాంటి వార్తలు కొన్ని దిద్దాను కూడా. 'అక్కడి జనాన్ని అడిగి' అన్న మాటను దాటుకుంటూ పోయానే తప్ప, ఏ రోజూ దాని దగ్గర ఆగలేదు.

కమిటీలో ఆరుగురం. మేడం అధ్యక్షురాలు. తర్వాత లెక్కలోకి వచ్చే మనిషి ఒక రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు. మోచేతంత లెన్సున్న కెమెరాతో పిట్టల ఫోటోలు తీస్తారు కనుక అందరం ఫోటోల సారు అనేవాళ్లం. మిగతా ముగ్గురూ వచ్చి సంతకం పెట్టి, చాయ్ తాగి, మంచి మాటలు చెప్పి వెళ్లేవారు. మీటింగు రెండో శనివారం, పొద్దున పదకొండింటికి, నారాయణగూడ వైపున్న కమ్యూనిటీ హాల్లో. ఉద్యోగాలు అయిపోయిన మాకు పదకొండు ఎంతో అనువైన వేళ. ఆ వేళ ఎవరికి కుదరదో ఆలోచించిన గుర్తు లేదు.

మేడం గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ కాగితాలతో సరిపెట్టుకునే మనిషి కాదు. ప్రతి ఆదివారం ఆరింటికల్లా మమ్మల్ని వీధుల్లో నడిపించేవారు. మోకాళ్ల నొప్పులున్నా ఏ కానుగ కిందైనా ఆగి, ఆకు వెనక్కి తిప్పి, పురుగు పెట్టిన గుడ్లు చూపించేవారు. ఇన్నేళ్లుగా నడుస్తున్న వీధుల్లో నేను ఏమీ చూడలేదని ఆవిడ వెంట తిరిగినప్పుడే తెలిసింది.

రెండేళ్ల కిందట మే నెలలో, అలాంటి ఒక ఆదివారం అశోక్ నగర్ గల్లీల్లో తిరుగుతున్నాం. హాస్టళ్ల పిల్లలు అప్పటికే లేచి, ఒక చేతిలో చాయ్, ఇంకో చేతిలో నోట్సుతో మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఒక గుల్‌మొహర్ చెట్టు దగ్గర ఫోటోల సారు ఆగిపోయారు. చెట్టు మొదలు నుంచి కొమ్మ విడివడే చోట ఒక గుడ్డ పీలిక కట్టి ఉంది. నీలం మీద తెల్ల చుక్కలు, పాత చీరది. ఇంకాస్త ముందుకు పోతే ఇంకో చెట్టుకు ఇంకోటి. అదే చీర.

"వెంచర్లల్ల చెట్లు కొట్టే ముందు ఇట్లనే గుర్తు పెడ్తరు," అన్నారు ఫోటోల సారు. "లోన్ల పని మీద సైట్లకు పోయినప్పుడు నా కండ్లతోని చూసిన."

మెట్ల మీద కూర్చున్న ఒక హాస్టల్ అమ్మాయిని అడిగాం. "కరెంటోళ్లు వస్తరంట సార్ ఈ వారంల, కొమ్మలు కొట్టనీకి. మా వార్డెన్ చెప్పింది, కరెంటు పోతది, ఫోన్లు చార్జింగ్ పెట్టుకోన్రి అని."

మాకు ఇంక అనుమానం లేకపోయింది. మేడం ముఖం ఎర్రబడింది. "విప్పేయండి" అన్నారు. ఆ పొద్దున నాలుగైదు వీధుల్లో అందినవన్నీ విప్పాం. నేను కూడా, గొడుగు వంకీతో కొమ్మను కిందికి లాగి, ఒక ముడి పళ్లతో కొరికి విప్పాను. ముడి చాలా గట్టిగా, ఓపికగా వేసి ఉంది. ఆ ఓపిక చూసైనా నాకు ఏదో తట్టాల్సింది. నారాయణగూడలో ఒక పెద్ద వేప మీద మాత్రం పీలిక మరీ ఎత్తున ఉండి అందలేదు. పీలికలన్నీ మడిచి మేడం సంచిలో వేశాం. ఇంటికి వచ్చి మినిట్స్‌లో రాశాను: 'గుర్తు తెలియని వ్యక్తులు నరికివేత కోసం గుర్తులు పెట్టిన చెట్లను కమిటీ సభ్యులు కాపాడారు.'

రాసినప్పుడు గర్వంగానే ఉంది. 'గుర్తు తెలియని వ్యక్తులు' అన్నది మా వృత్తిలో రోజూ వాడే మాట. వాళ్లెవరో మేం అడగలేదని దాని అర్థం చాలాసార్లు.

గురువారం పొద్దున ఫోటోల సారు ఫోన్ చేశారు. నేను వెళ్లేసరికి గుల్‌మొహర్ చెట్టు కింద జనం మూగి ఉన్నారు. ఎండిపోయిన లావుపాటి కొమ్మ ఒకటి రోడ్డు మీద పడి ఉంది. దానికి బర్మాతో వేసినంత గుండ్రంగా ఒక తొర్ర. అందులో కంసాలి పిట్ట పిల్లలు. ఎండాకాలమంతా ఎక్కడో కూర్చుని టుక్కు టుక్కుమని సుత్తితో కొడుతున్నట్టు కూస్తుందే, ఆ పిట్ట. పిల్లలు రెండూ చచ్చిపోయాయి. తల్లి పైన తీగ మీద కూర్చుని ఉంది, కూయడం లేదు.

గల్లీ చివర చెట్టు మీంచి ఒక సన్నటి మనిషి తాడు పట్టుకుని దిగుతున్నాడు, నడుముకు గొడ్డలి చెక్కి ఉంది. ఫోటోల సారు లెన్సు అటు తిప్పారు. పది గంటలకల్లా వాట్సాప్ గ్రూపుల్లో రెండు ఫోటోలు పక్కపక్కన వచ్చాయి, పిల్లలదీ అతనిదీ. కింద 'పిట్టల హంతకుడు' అని రాసి ఉంది. ఆ మాట నాకు నచ్చలేదు. నచ్చలేదని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం మేడం ఫోన్. గొంతులో ఏడుపు ఇంకా ఆరలేదు. "శనివారం తీర్మానం పెడదాం. ఆ మనిషిని మన డివిజన్‌లో చెట్టు ఎక్కనివ్వొద్దని. కాంట్రాక్టరుకు ఒక కాపీ, ఆఫీసుకు ఒక కాపీ. మీరు రాసి పెట్టండి."

రాశాను. వార్తలా బిగువుగా వచ్చింది. ఆ కాగితం అందితే ఏమవుతుందో నాకు తెలుసు. కమిటీతో పేచీ పెట్టుకోవడం కంటే ఒక మనిషిని మార్చుకోవడం ఏ కాంట్రాక్టరుకైనా తేలిక. ఒక డివిజన్‌లో పనికిరాడన్న మనిషిని పక్క డివిజన్‌లోనూ ఎక్కించరు. వానలకు ముందు తీగల మీది కొమ్మలు కొట్టే ఈ కొన్ని వారాలే అలాంటివాళ్లకు గట్టి పని. ఇవన్నీ తెలిసే రాశాను. కానీ పడుకోబోతూ ఇంకోసారి చదివితే మా పాత చీఫ్ సబ్‌ఎడిటర్ గుర్తొచ్చారు. ఎవరి మీదైనా ఆరోపణ ఉన్న వార్త చేతికొస్తే ఆయన ఇంకేమీ చదవకుండా, మార్జిన్‌లో ఎర్ర సిరాతో రెండే మాటలు రాసేవారు: 'వివరణ ఎక్కడ?'

శుక్రవారం పొద్దున ఆ వివరణ కోసం బయలుదేరాను. అశోక్ నగర్ చాయ్ బండి ఆయన్ని అడిగితే, "కొమ్మలాయన? రాంనగర్ల ఉంటడు ఇయ్యాల" అన్నాడు. అతనికి ఆ చుట్టుపక్కల అందరూ పిలిచే పేరు ఉందనీ, 'గుర్తు తెలియని వ్యక్తి' మాకు మాత్రమేననీ మొదట తెలిసింది అక్కడే.

చేపల మార్కెట్ దాటాక ఒక గల్లీలో గొంతు వినిపించింది. నడుముకు తాడు చుట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి, తల పైకెత్తి ఒకావిడ అరుస్తోంది. తాడు రెండో కొస బాదం చెట్టు ఆకుల్లోకి పోయింది.

"ఎడమకు! ఎడమకంటే ఎడమకే! పొద్దుగాల తిన్నది యాడికి పోయింది నీకు?"

పైనుంచి జవాబు లేదు. కొమ్మ మాత్రం ఆమె చెప్పినట్టే ఎడమకు ఒరిగి, తాడు మీద మెల్లగా దిగింది. ఆమె నన్ను చూసింది.

"సారూ, జర పక్కకు జరుగున్రి. నెత్తి మీద పడితే మళ్ల మమ్మల్నే అంటరు."

"పైనున్నాయనతో మాట్లాడాలమ్మా."

"ఎందుకు? ఆ ఫోటో ఏసినోళ్ల మనిషివా నువ్వు?" ఒక్కసారిగా 'నువ్వు'లోకి దిగింది. "మా బస్తీల అందరి ఫోన్లకు వచ్చింది. హంతకుడంట! నా మొగుడు ముప్పై ఏండ్ల సంది చెట్లెక్కుతుండు, ఇంట్ల బొద్దింకను చంపుమంటే చెప్పు నాకిస్తడు. ఎవర్ని చంపిండు?"

ఆయన దిగాడు. యాభై దాటి ఉంటాయి. మోచేతుల దాకా ఎర్ర చీమలు కుట్టిన మచ్చలు. గొడ్డలి పిడికి సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. సీసాడు నీళ్లు గటగటా తాగి, అరుగు మీద కూర్చుని, నా వైపు కాక నా చెప్పుల వైపు చూస్తూ, "చెప్పున్రి సారు" అన్నాడు.

గురువారం గుల్‌మొహర్ కొమ్మ గురించి అడిగాను.

"ఆ కొమ్మకు గుడ్డ కట్టిన సారు. వారం ముందుగాలనే కట్టిన," అన్నాడు. "నలుగురం ఎక్కుతం. గుడ్డ ఉన్న కొమ్మను ఎవ్వరు ముట్టద్దని మాలో మాకు మాట. నేను ఆ మూల చెట్టు మీదున్న. ఇంకొకాయన పిట్టలున్న చెట్టు మీదికి ఎక్కిండు. గుడ్డ లేదు. ఎండిన కొమ్మ. కొట్టిండు. ఆయన తప్పు లేదు."

"గుడ్డ అంటే..."

"నా చీర సారు!" ఆమె అందుకుంది. "ఇంకో రెండేండ్లు కట్టుకునే చీర. ఈయన బాధ పడలేక చింపిన. ముందుగాల మేమిద్దరం తిరుగుతం లైను పొంటి. గూడున్న కొమ్మకు కడ్తం. ఎవడో పాడుగాను అన్ని ఇప్పుకపోయిండు. గుడ్డ పీలికలు గూడ ఎత్తుకపోతరా ఈ పట్నంల? ఏం చేసుకుంటడు దానితోని, లంగోటి కుట్టిచ్చుకుంటడా?"

ఇంకెప్పుడైనా అయితే నవ్వేవాణ్ని.

"పీలికలు విప్పింది మేమే," అన్నాను.

ఎందుకు విప్పామో, ఏమనుకున్నామో, ఎవరెవరం ఉన్నామో అంతా చెప్పాను. ఆమె తాడు చుట్టడం ఆపేసింది.

"మీరా? సదువుకున్నోళ్లు?" మళ్లీ 'మీరు' అంది కానీ, ఆ 'మీరు' ఇందాకటి 'నువ్వు' కంటే గట్టిగా తగిలింది. "అడగనీకి నోరు లేకుండెనా సారు? తొవ్వల చాయ్ బండాయన్ని అడిగినా చెప్పేటోడు గదా, అవి కొమ్మలాయన గుడ్డలని."

కొమ్మలాయన అప్పుడు మొదటిసారి తల ఎత్తి నా ముఖంలోకి చూశాడు. కోప్పడతాడనుకున్నాను.

"ఏ ఏ చెట్లకు ఇప్పిన్రు సారు? యాదికున్నదా?" అన్నాడు. "సోమవారం చిక్కడపల్లి దిక్కు లైను ఉన్నది. గాడ గూడ ఇప్పిన్రా?"

అక్కడా విప్పాం. ఆయన లేచాడు. మధ్యాహ్నం తిండి సంగతి ఇద్దరూ ఎత్తలేదు. తన మీద తీర్మానం ఉందని నేను అప్పటికే చెప్పాను. దాని గురించి ఒక్క మాట అడగలేదు. సోమవారం లోపల గుడ్డలు మళ్లీ కట్టాలి, అంతే ఆయన ధ్యాస. అలాంటి మనిషి మీద నేను రాసిన కాగితం జేబులో ఉంది, దాన్ని ఇంకాస్త లోపలికి తోశాను.

చిక్కడపల్లిలో ఒక టైలరు దుకాణం ముందు ఆమె ఆగి, లైనింగ్ ముక్కలు అడిగి గుప్పెడు తెచ్చింది. "నా ఇంకో చీర చింపేది లేదు," అంది మాతో.

ఆ సాయంత్రం దాకా వాళ్ల వెంట తిరిగాను. మేడం వెంట తిరిగినప్పుడు పైకి చూడడం నేర్చుకున్నాను. కొమ్మలాయన చెట్టు కిందికి వచ్చి ముందు నేల చూస్తాడు. రెట్టలు ఎక్కడ పడ్డాయి, ఎండు పుల్లలు ఎక్కడ రాలాయి, గుడ్డు పెంకు ముక్క ఉందా, ఈక ఉందా. "పైకి చూస్తె ఆకులే కనబడ్తయి సారు. పైన ఎవలున్నరో కింద తెలుస్తది." తర్వాత కదలకుండా నిలబడి వింటాడు. తల పైకెత్తడం ఆఖరి పని. అప్పటికే కొమ్మ ఏదో ఆయనకు తెలిసిపోతుంది. ఎండిన కొమ్మ అయితే ఇంకా జాగ్రత్త. తొర్రలు చేసుకునే పిట్టలకు పచ్చి కొమ్మ పనికిరాదట. అందరూ ముందు కొట్టమనేది ఎండు కొమ్మనే కనుక, పీలికలు ఎక్కువ వాటికే కడతాడు.

చెరువు నీళ్లు పోయే నాలా వైపు, ఒక కానుగ మీద కాకి గూడు చూపించాడు. "ఇది మిరుగం కార్తె దాటినంక కొట్టుకోవచ్చు. అప్పటిదాంక ముట్టద్దు. దీంట్ల కోయిల పిల్ల గూడ ఉన్నది." మొదటిసారి నవ్వాడు. "కాకికి తెల్వది. మీరు చెప్పకున్రి."

ఒకచోట మాత్రం ఒక పెద్ద చెట్టు పక్క నుంచి ఏమీ అనకుండా నడిచిపోయాడు. అక్కడేముందని అడిగాను. ఆమె జవాబు చెప్పింది: "అది మాది సారు. అది మీ బుక్కుల రాయకున్రి." నేను ఇంకోసారి అడగలేదు. ఈ రోజుకీ ఆ చెట్టు రిజిస్టర్లో లేదు.

రాత్రి కాకముందే మేడం ఇంటికి వెళ్లి చెప్పాను. ఆవిడ లేచి వెళ్లి, ఆదివారం నాటి సంచి తెచ్చి, పీలికలు బల్ల మీద పరిచారు. "రేపు వాళ్లిద్దర్నీ రమ్మనండి," అన్నారు. "ఆయన మాట వినకుండా ఏమీ రాయొద్దు."

పదకొండింటికి వచ్చారు, ఆ రోజు పని మానుకుని. కొమ్మలాయన హాలు గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి గోడ పక్కన నిలబడ్డాడు. మేం కూర్చోమనడం మర్చిపోయాం. ఆమె చుట్టూ చూసి, ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీల్లోంచి రెండు లాగి, "కూసో. కుర్సీలు ఊరికనే ఉన్నయి" అంది. సంతకాల పుస్తకం వాళ్ల ముందు నుంచి వాళ్లను దాటుకుని పక్కాయన చేతిలోకి పోయింది. ఆమె కళ్లు దాని వెంటే వెళ్లి వచ్చాయి.

మేడం తీర్మానం ముసాయిదా ఉందని చెప్పి, నన్ను మాట్లాడమన్నారు. నా మినిట్స్‌లో 'గుర్తు తెలియని వ్యక్తులు' అని రాసింది తప్పని, వాళ్లిద్దరూ ఇక్కడే కూర్చున్నారని చెప్పాను. పీలికల సంగతీ చెప్పాను.

ఫోటోల సారు ఒప్పుకోలేదు. "నేను వాళ్లను తప్పు పడ్తలేను. కని మనకు రుజువు కావాలె గద. జరిగినంక, నేను గుడ్డ కట్టిన అని ఎవరైన చెప్పొచ్చు."

న్యాయమైన ప్రశ్నే. డెస్కులో నేనైనా అదే అడిగేవాణ్ని. ఆమె నోరు తెరవబోయింది. కొమ్మలాయన చెయ్యి అడ్డంగా పెట్టాడు.

"నిజమే సారు. ఎట్ల నమ్ముతరు," అన్నాడు. "నారాయణగూడ గల్లీల వేపచెట్టుకు ఒక గుడ్డ కట్టిన. చాన ఎత్తున. అది మీకు అంది ఉండదు. నిన్న మావోళ్లు ఆ గల్లీల కొట్టిన్రు. నేను పోలే, రాంనగర్లున్న. గుడ్డ ఉంటే ఆ కొమ్మ ఉండాలె. పోయి చూద్దాం పారి."

"ఒకవేళ కొట్టేసి ఉంటే?" అన్నారు ఫోటోల సారు.

"కొట్టి ఉంటే మీ కాగితం మీరు రాసుకోన్రి. ఈ దిక్కు నేను చెట్టెక్క."

ఆమె విసురుగా ఆయన వైపు తిరిగింది. "నీకేమన్న పిచ్చి లేసిందా? ఆ నలుగుట్ల ఒకడు ఎట్లాంటోడో నీకెరుక లేదా? యాది మర్చి కొట్టేసి ఉంటడు!"

"గుడ్డ ఉంటే కొట్టరు," అన్నాడు, అంతే.

పన్నెండు గంటల ఎండలో ఎనిమిది మందిమి ఫ్లైఓవర్ పక్క గల్లీలోకి నడిచాం. ముందు ఆమె, వెనక ఫోటోల సారు, ఆ వెనక మేం. కొమ్మలాయన అందరికంటే వెనక. టిఫిన్ సెంటర్ మలుపు తిరగ్గానే నరికిన వేప వాసన వచ్చింది. నేను రాసిన కాగితం నిజమవుతుందో అబద్ధమవుతుందో ఒక కొమ్మ మీద ఆధారపడి ఉండడం నా ఉద్యోగం మొత్తంలో అదే మొదటిసారి.

చెట్టు కనిపించింది. తీగల వైపు అంతా ఖాళీ. కోసిన చోట్లు తెల్లగా మెరుస్తున్నాయి. ఆ ఖాళీ మధ్యలో ఒకే ఒక్క కొమ్మ, ఎవరూ పట్టించుకోనట్టు, రోడ్డు మీదికి చాచుకుని ఉంది. దాని మొదట్లో నీలం మీద తెల్ల చుక్కలు. కొసన కాకి గూడు. గూట్లోంచి ఒక పిల్ల మెడ సాచి నోరు తెరుచుకుని అరుస్తోంది.

ఫోటోల సారు కెమెరా ఎత్తి లెన్సులోంచి చాలాసేపు చూశారు. నేను క్లిక్ కోసం ఎదురుచూశాను. రాలేదు. కెమెరా దించి, "ఉన్నది" అన్నారు.

ఆ తర్వాత ఆయన చేసిన పని నాకు గుర్తుండిపోయింది. మనుషులు తప్పు ఒప్పుకోవడం వార్తల్లో చాలా తక్కువగా చూశాను. ఒప్పుకున్నా, మా మాటలను వక్రీకరించారంటూ ఒప్పుకుంటారు. ఈయన నడిరోడ్డు మీద, ఎండలోనే, ఫోన్ తీసి టైపు చేయడం మొదలుపెట్టారు. పూర్తయ్యాక ఆమె ముందు పట్టారు.

"నాకు సదువు రాదు. చదివి ఇనిపియ్యి."

చదివారు. "గురువారం నేను పెట్టిన ఫోటోలో మనిషిది ఏ తప్పూ లేదు. గూళ్లున్న కొమ్మలకు ఆయన కట్టిన గుడ్డలను తెలియక విప్పేసింది నేనూ మా కమిటీ. పిల్లలు చచ్చిపోవడానికి కారణం మేము. ఆయనను నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను." కింద తన పేరు కూడా చదివారు.

"మా బస్తీ ఫోన్లకు గూడ పోతదా?"

"పోతది. అన్ని గ్రూపులకు పెడ్త."

"అయితే కొట్టు."

మేడం నా దగ్గర నుంచి తీర్మానం కాగితం అడిగి తీసుకున్నారు. చెట్టు మానుకు ఆనించి, అడ్డంగా ఒక గీత గీసి, కింద సంతకం చేసి తిరిగి ఇచ్చారు. "చింపొద్దు. ఫైల్లో ఉండాలి ఇది" అన్నారు. తర్వాత కొమ్మలాయనతో, "మీరు మా కమిటీలో ఉండాలి" అన్నారు.

"నాకొద్దు మేడం," అన్నాడు ఆయన భయంగా, ఉదయం నుంచి మొదటిసారి బెదిరిపోయి. "గుడ్డలు ఇప్పకున్రి. గదే సాలు."

"నేనుంట," అంది ఆమె. "ఆయన పైనుంటడు. కింద మాట్లాడేది ఎప్పటికైన నేనే."

సభ్యుల్లో ఒకాయన గొంతు సవరించుకుని, సభ్యత్వానికి ఒక పద్ధతి ఉంటుందని, ఆఫీసు నుంచి రావాలని ఏదో అనబోయారు. "కమిటీలో ఇంకా ఆడవాళ్లు ఉండాలని నియమం ఉంది," అన్నారు మేడం. "ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే ఉన్నాను. పేరు నేను పంపిస్తాను."

"కని పదకొండింటికైతే నేను రాను," అంది కొత్త సభ్యురాలు. "పదకొండింటికి మీకు పని లేదు, మాకున్నది. పొద్దుగాల ఆరింటికి పెట్టున్రి. హాల్ల వద్దు. ఏ చెట్టు సంగతి మాట్లాడాల్నో ఆ చెట్టు కింద పెట్టున్రి. ఉత్తగ యాదికి తెచ్చుకునే పనుండది."

మేడం ఒప్పుకున్నారు. మా రిజిస్టర్ ఆ తర్వాత చాలా మారింది. ఒక్కో చెట్టు పక్కన ఏ నెలలో ముట్టకూడదో చెప్పే వరుస కొత్తగా వచ్చింది. అది ఆ దంపతులు చెప్పగా నేను రాసింది, ఆరుబయట, మోకాలి మీద పుస్తకం పెట్టుకుని. అన్నీ సరిసమానమైపోయాయని మాత్రం చెప్పను. పుస్తకం ఇప్పటికీ మేడం బీరువాలోనే ఉంటుంది, పెన్ను నా చేతిలోనే. కాకపోతే నేను రాసిన ప్రతి పేజీ ఆమెకు చదివి వినిపించాలి. చదివేటప్పుడు ఆమె కళ్లు మూసుకుంటుంది. తప్పున్న చోట తెరుస్తుంది.

ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ శనివారానికి ఇంకా ఏమీ తేలలేదు. మేం తీర్మానం కొట్టేసినంత మాత్రాన కాంట్రాక్టరు మనసు మారదు. ఫోటో ఆయనకూ చేరింది. సోమవారం చిక్కడపల్లి లైనుకు ఇంకో మనిషిని మాట్లాడుకున్నాడని శనివారం సాయంత్రమే కొమ్మలాయనకు కబురొచ్చింది.

ఆదివారమంతా కూర్చుని కాంట్రాక్టరుకు ఒక ఉత్తరం రాశాను. సోమవారం ఆరింటికి మా వీధి కానుగ కింద కమిటీ మొత్తం చేరింది, ఎప్పుడూ సంతకాలకే వచ్చే ముగ్గురితో సహా. ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను: ఈ డివిజన్‌లో ఈ దంపతులు ముందుగా చూసి గుడ్డలు కట్టాకే కొమ్మలు కొట్టాలని, కొట్టేటప్పుడు ఈయన ఉండాలని, లేకపోతే కమిటీ ఒప్పుకోదని. ఒకచోట ఆమె కళ్లు తెరిచింది.

"ఈయన 'సహకారం' తీసుకోవాలె అని రాసినవు. సహకారమేంది? ఆయన వద్దంటే వద్దని రాయి."

దిద్దాను. అందరం సంతకాలు చేశాం. ఆమె వేలిముద్ర వేసి, బొటనవేలు కానుగ మానుకు తుడుచుకుంది.

ఏడింటికి కాంట్రాక్టరు మనిషి బండి మీద వచ్చాడు, వెనక కొత్త మనిషిని ఎక్కించుకుని. మా అందర్నీ చూసి బండి ఆపాడు. ఉత్తరం రెండుసార్లు చదివాడు. పక్కకు వెళ్లి ఫోన్‌లో చాలాసేపు మాట్లాడాడు. మాకు వినిపించింది ఒకే మాట: "పెద్దోళ్లు ఉన్నరన్నా, సంతకాలు గూడ పెట్టిన్రు." మేం పెద్దవాళ్లం కావడం ఆ రోజు ఒక పనికి వచ్చింది. కొమ్మలాయన మీద వాడబోయిన పెద్దరికాన్నే ఆయన పక్కన నిలబడడానికి వాడాం.

తిరిగొచ్చి, కొత్త మనిషిని రాంనగర్ పొమ్మన్నాడు. తర్వాత కొమ్మలాయనతో, "ఏందన్నా, ఇంత బలగం ఎప్పుడు తయారు చేసినవ్? ఎక్కు మరి" అన్నాడు.

"ఎక్కు అంటే ఎట్ల ఎక్కుతడు?" అంది ఆమె, తాడు నడుముకు చుట్టుకుంటూ. "లైను బంద్ చేపియ్యి ముందుగాల. నీ ఫోను ఇందాకట్నుంచి దేనికి పట్టుకున్నవ్?"

కరెంటు ఆగింది. వీధి పొడుగునా ఫ్యాన్లు, మోటార్లు ఒకేసారి నిలిచిపోయి, కానుగ ఆకుల్లో పిచ్చుకల అరుపులు పెద్దగా వినబడ్డాయి. కొమ్మలాయన కిందికి వంగి నేల మీద ఒకసారి చూశాడు. తర్వాత గొడ్డలి నడుముకు చెక్కుకుని చెట్టెక్కాడు.